ఒకే గేటు, రెండు లెక్కలు: సరిహద్దుల మీద సమకాలీన కళ ఏమంటోంది?

2023 నవంబరు 30 తెలంగాణలో పోలింగు రోజు. ఆ ఉదయం టీవీల్లో ఓటర్ల వరుసలతో పాటు ఇంకో దృశ్యం కూడా కనిపించింది: నాగార్జునసాగర్ ఆనకట్ట మీద ముళ్లకంచె. ముందటి రాత్రి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చి, 26 గేట్లలో 13వ గేటు వరకు తమ అధీనంలోకి తీసుకుని, అక్కడ కంచె వేశారు. కృష్ణా జలాల తగవు పాతదే. ట్రిబ్యునళ్లు, బోర్డులు, కోర్టులు దాన్ని దశాబ్దాలుగా మోస్తున్నాయి. కాని ఇరువైపులా తెలుగే మాట్లాడే పోలీసులు ఒకే కట్టడాన్ని లెక్కగా సగానికి పంచుకుని నిలబడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కేంద్ర బలగాలు వచ్చాక వేడి తగ్గింది.

ఇలాంటి చోటనే సమకాలీన కళ ఆగి వంగి చూస్తుంది. నీళ్లు ఎవరివన్నది దాని ప్రశ్న కాదు. అది ఇంజనీర్లు, న్యాయవాదులు తేల్చుకోవాలి. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చింది, దాని మందమెంత, దాని మీదుగా ఎవరు దర్జాగా నడిచిపోతారు, ఎవరు ఆగిపోతారు అన్నవి కళాకారులు పట్టుకున్న కొసలు. గత మూడు నాలుగు దశాబ్దాల్లో రాకపోకలు, సరిహద్దులు, సామాజిక అడ్డుగోడలు అనే అంశం మీద ప్రపంచమంతటా లెక్కలేనన్ని ప్రదర్శనలు జరిగాయి. వాటిలో చాలావాటిని చూసిన సామాన్య ప్రేక్షకుడు బయటికి వస్తూ అనే మాట ఒక్కటే: "ఇందులో కళ ఏముంది?" ఆ మాటను చిన్నచూపు చూడకుండా మొదలుపెడితేనే ఈ చిక్కుముడి విడుతుంది.

బెల్జియంలో పుట్టి మెక్సికోలో స్థిరపడిన ఫ్రాన్సిస్ అలీస్ 2004లో జెరూసలేంలో ఒక పని చేశాడు. అడుగున చిల్లుపడిన ఆకుపచ్చ రంగు డబ్బా చేత్తో పట్టుకుని నగరం గుండా నడిచాడు. డబ్బాలోంచి సన్నని ధార కారుతూ అతని వెనక గీత గీస్తూ పోయింది. మొత్తం 24 కిలోమీటర్లు, 58 లీటర్ల రంగు. అతను నడిచిన దారి ఊరికే ఎంచుకున్నది కాదు. 1948 చివర కాల్పుల విరమణ కోసం ఇజ్రాయెల్ తరఫున మోషే దయాన్, జోర్డాన్ తరఫున అబ్దుల్లా అల్ తల్ ఒక పటం మీద పెన్సిళ్లతో గీతలు గీశారు. దయాన్ చేతిలో ఆకుపచ్చ పెన్సిలు, రెండోవారి చేతిలో ఎర్ర పెన్సిలు. పటం స్కేలు 20 వేలకు ఒకటి. మెత్తటి పెన్సిలు గీత మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పటం మీద అది ఏమీ కాదు. నేల మీద మాత్రం అరవై నుంచి ఎనభై మీటర్లు. ఆ మందంలో ఇళ్లున్నాయి, వీధులున్నాయి. ఆ ఇళ్లవాళ్లు ఎటువైపు? పెన్సిలు మొన మొద్దుబారితే వీధికి వీధే గల్లంతవుతుందన్న సంగతి ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు.

అలీస్ గీత రెండు రోజుల్లో చెరిగిపోయి ఉంటుంది. అతను ఆ నడకను వీడియో తీయించి, తర్వాత దాన్ని రెండు వైపులవారికీ చూపించి, వాళ్లు ఏమన్నారో ఆ మాటలను దృశ్యానికి జతచేశాడు. చూసే మనకు మిగిలేది ఒక మనిషి, ఒక డబ్బా, కారే రంగు, వెనక నుంచి వినబడే వాదనలు. అందమైన బొమ్మ కోసం వెతికితే ఇక్కడ దొరకదు. పటం మీద చిన్నగా, శుభ్రంగా కనిపించే నిర్ణయాన్ని మళ్లీ నేల మీదికి దించి, మనిషి కాళ్ల వేగానికి తీసుకురావడమే ఇక్కడి పనితనం. గీత గీయడం ఎంత తేలికో, దాని మీద బతకడం ఎంత కష్టమో ఒకే చూపులో అర్థమవుతుంది. పత్రికా కథనం ఈ పని ఇంకోలా చేస్తుంది, చరిత్ర పుస్తకం మరోలా చేస్తుంది. ఇలా మాత్రం చేయలేవు.

మన ఉపఖండానికి వస్తే గీత అనగానే రాడ్‌క్లిఫ్ పేరు రావలసిందే. అంతకుముందు ఎన్నడూ భారతదేశం చూడని ఆ న్యాయవాది 1947 జూలై 8న వచ్చి, అయిదు వారాల్లో పంజాబ్‌ను, బెంగాల్‌ను చీల్చే పని ముగించాడు. హద్దులు జనానికి తెలిసింది ఆగస్టు 17న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజుల తర్వాత. అలీగఢ్‌లో పుట్టి, గణితం చదివి, తర్వాత ముద్రణ కళలోకి వచ్చిన జరీనా హష్మీ 2001లో ఆ గీతను చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసింది. పటంలో ఉండాల్సిన ఊళ్ల పేర్లు లేవు, నదులు లేవు, దేశాల పేర్లు లేవు. తెల్లటి కాగితం మీద నల్లగా, వంకరటింకరగా పాకే ఒక్క గీత. ఆమె కుటుంబం 1950ల చివర పాకిస్తాన్‌కు వెళ్లిపోయింది. ఆమె మాత్రం బ్యాంకాక్, పారిస్, న్యూయార్క్ అంటూ ఊళ్లు మారుతూ బతికి, 2020లో లండన్‌లో కన్నుమూసింది. ఈ వివరాలు తెలియకుండా ఆ అచ్చును చూస్తే గోడలోని పగుళ్లా ఉంటుంది. తెలిసి చూస్తే చేతిరాతలా ఉంటుంది. ఇలాంటి కళ గురించి ముందుగా కొంత చదువుకోవాలనడం అందుకే. దాన్ని ఒక లోపమని కొందరంటారు. నా మట్టుకు పెద్ద లోపంగా తోచదు. మన పురాణ చిత్రాలు మాత్రం కథ తెలియనివాడికి ఏం చెబుతాయి?

ముంబయికి చెందిన శిల్పా గుప్తా దారి వేరు. ఆమె కొలుస్తుంది. 2011-12లో చేసిన ఒక కృతిలో కోడిగుడ్డు ఆకారంలో చేత్తో చుట్టిన దారపు ఉండ గాజుపెట్టెలో ఉంటుంది. కింద ఇత్తడి పలక మీద భారత్ పాకిస్తాన్‌ల మధ్య కంచె వేసిన సరిహద్దు పొడవు రాసి ఉంటుంది: 1188.5 మైళ్లు. కృతి పేరు కేవలం ఒక నిష్పత్తి, 1:14.9. అంటే ఆ ఉండలోని దారానికి కంచె దాదాపు పదిహేను రెట్లు. లెక్క వేస్తే దారమే ఎనభై మైళ్లు వస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో రాత్రిపూట వెలుగురేఖలా కనిపించే అంత పెద్ద సరిహద్దును ఒక మనిషి చేతులు చుట్టగలిగిన వస్తువుగా మార్చడంలో తమాషా ఉంది, కసి కూడా ఉంది. ఆమెదే ఇంకో పని: పోలీసులు ప్రమాద స్థలాల్లో కట్టే రకం పసుపు టేపు మీద "ఇక్కడ సరిహద్దు లేదు" అన్న అర్థం వచ్చే మాటలు అచ్చు వేయించి, ఆ టేపుతోనే గోడ మీద జెండా ఆకారం అతికించడం. ఆ జెండాలో ఒక కవిత. ఆకాశాన్ని రెండు ముక్కలు చేయబోతే మబ్బులు అటువి ఇటూ ఇటువి అటూ వచ్చేస్తున్నాయన్నది దాని సారం.

రీనా సైనీ కల్లాట్ ఇదే దారిలో కరెంటు తీగలను ముళ్లతీగల్లా మెలిపెట్టి గోడంత ప్రపంచపటం అల్లింది. వలసదారులు నడిచిన దారులు అందులో రంగురంగుల తీగలు. ఒకచోటి నుంచి మరోచోటికి కరెంటు మోసే తీగే ముళ్లకంచెలా కనబడటం అందులోని మెలిక. 2016లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఇది ప్రదర్శితమైంది.

ఇంతవరకు చెప్పినవన్నీ గీతలు. అసలు విషయం గీత దగ్గర లేదు, గేటు దగ్గర ఉంది. గేటంటే కొందరిని ఆపి కొందరిని పంపే గోడ. దీన్ని అందరికంటే మొరటుగా, అందువల్లనే స్పష్టంగా చూపినవాడు స్పెయిన్ కళాకారుడు శాంటియాగో సియెరా. వెనిస్ ద్వైవార్షిక కళా ప్రదర్శనలో దేశాలకు సొంత మంటపాలుంటాయి. 2003లో స్పెయిన్ మంటపాన్ని అతనికి అప్పగించారు. అతను ముందు ద్వారాన్ని ఇటుకలతో మూయించాడు. వెనక ద్వారం దగ్గర కాపలావాళ్లను పెట్టాడు. స్పెయిన్ పాస్‌పోర్టో, గుర్తింపు పత్రమో చూపినవారికే ప్రవేశం. ప్రపంచమంతా తిరిగి వచ్చే కళా ప్రముఖులు, విమర్శకులు, సంపన్న సేకర్తలు జీవితంలో బహుశా మొదటిసారి "మీకు ప్రవేశం లేదు" అనిపించుకుని వెనుదిరిగారు. లోపలికి వెళ్లగలిగినవారికి చూడడానికి పెద్దగా ఏమీ లేదు. బయట నిలబడిపోయిన వాళ్లకు వచ్చిన కోపమే ఆ కృతి.

పాలస్తీనా మూలాలున్న ఎమిలీ జాసిర్ అమెరికా పాస్‌పోర్టును సున్నితంగా వాడుకుంది. తమ నేలకు వెళ్లలేని, లేదా అక్కడ స్వేచ్ఛగా తిరగలేని పాలస్తీనియన్లను ఆమె అడిగింది: పాలస్తీనాలో మీ కోసం నేను ఏదైనా చేయగలిగితే ఏం చేయమంటారు? జవాబులు చూస్తే గుండె కలుక్కుమంటుంది. అమ్మ సమాధి మీద పూలు పెట్టమన్నారొకరు. హైఫాలో కనిపించిన మొదటి పిల్లవాడితో ఫుట్‌బాల్ ఆడమన్నారింకొకరు. ఫోను బిల్లు కట్టమన్న కోరికా ఉంది. 2001-03 మధ్య ఆమె ఆ పనులు చేసి, ఫోటోలను, కోరికలను పక్కపక్కన పెట్టింది. పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకం ఒకరికి ఫోను బిల్లు కట్టేంత తేలిక, మరొకరికి తల్లి సమాధిని దూరం చేసేంత బరువు అన్న తేడా ఏ ఉపన్యాసమూ లేకుండా బయటపడింది.

హైదరాబాదీలకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచినప్పటి నుంచి, 2023లో అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారినదాకా, ఫైళ్లు గుండెలకు హత్తుకుని వరుసలో నిలబడే యువతను చూస్తూనే ఉన్నాం. పాకిస్తాన్‌లో పుట్టిన బానీ అబిది 2010లో తీసిన వీడియో ఒకటి ఇదే నిరీక్షణ మీద ఉంది. వీసా కోసం మనుషులు వరుసలు కట్టి, కాగితాలు సర్దుకుని, కదిలీ కదలని సమయం గడపడం తప్ప అందులో కథ లేదు. మనవాళ్లు ఆ సమయాన్ని ఖాళీగా వదలలేదు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వేల మైళ్ల దూరంలోని సరిహద్దు దాటడానికి ఒక గుడి చుట్టూ గుండ్రంగా నడవడం! ఏ ద్వైవార్షిక ప్రదర్శనలోనైనా పెడితే విమర్శకులు పేజీలు నింపుతారు. భక్తులు మాత్రం లెక్క తప్పకుండా కార్డు మీద గీతలు కొట్టుకుంటూ తిరుగుతారు.

అసలు హైదరాబాద్ ఇలాంటి గీతల మీదే పెరిగిన ఊరు. పాతనగరం చుట్టూ ఒకప్పుడు ప్రాకారం ఉండేది, దానికి 13 దర్వాజాలు. వాటిలో ఇప్పుడు నిలిచి ఉన్నవి దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలు రెండే. మూసీ అవతల కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, దానికి ఉత్తరాన 1806లో మొదలైన సికింద్రాబాద్ కంటోన్మెంటు, ఇవి నిజాం రాజ్యం నడుమ వేరే చట్టం నడిచిన నేలలు. నిజాం రాజ్యానికి సొంత నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దారు. సరుకు రాజ్యంలోకి రావాలంటే కరోడ్‌గిరీ సుంకం కట్టాలి. 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన పురపాలక పటాలు చూస్తే, ఇల్లిల్లూ గుర్తించి గీసిన ఆ కాగితాల్లో పాత హద్దులన్నీ పైకి తేలతాయి. కళాకృతి గ్యాలరీ వ్యవస్థాపకుడు ప్రశాంత్ లాహోటీ చారిత్రక పటాల పెద్ద సేకరణ నిర్మించారు. పటాలను కళాఖండాలుగా చూసే అలవాటు మన నగరంలో ఇప్పటికే ఉందనడానికి అదొక ఆనవాలు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. దీన్ని దాటవేస్తే విషయం సగమే చెప్పినట్టు. పాశ్చాత్య దేశాల ప్రదర్శనల్లో సరిహద్దు దాదాపు ఎప్పుడూ గాయమే, దాన్ని చెరిపేయడమే ఆదర్శం. తెలంగాణకు ఆ వరస అతకదు. ఇక్కడ జనం ఒక గీతను కోరుకున్నారు, దశాబ్దాలు కొట్లాడి సాధించుకున్నారు. 1969 ఉద్యమంలో చనిపోయినవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన గన్‌పార్కు స్తూపం, సరిహద్దును కోరి ప్రాణాలిచ్చినవారి స్మారకం. 2014 జూన్ 2న ఏర్పడిన హద్దు కొందరికి ఆత్మగౌరవం, మరికొందరికి తెగిన బంధం. అదే గీత, రెండు లెక్కలు. అందువల్ల "సరిహద్దులు చెడ్డవి" అనే తేలికైన తీర్పుతో ఇక్కడ కళ చేయలేం. గీత ఉండటం మంచిదా చెడ్డదా అని కాకుండా, అది ఏ రోజున ఎవరి మీద గేటుగా మూసుకుంటుందో చూడాలి.

ఆ రోజులు మనమూ చూశాం. 2020 మార్చి చివర లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాద్ హాస్టళ్ల నుంచి బయలుదేరిన ఆంధ్రా యువత రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. అంతకుముందు ఆ చోట బస్సులో నిద్రపోతూ దాటేసేవాళ్లం. మరుసటి ఏడాది మేలో రెండో ఉధృతి సమయంలో ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులతో వచ్చిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఇక 2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మంది కార్మికులతో కదిలిన రైలు, దేశంలో వలస కార్మికుల కోసం నడిపిన మొట్టమొదటి ప్రత్యేక రైలు. హైదరాబాద్ మెరుపులన్నీ ఎవరి చేతుల మీద లేచాయో, కష్టం వచ్చిన రోజున వారికి ఈ నగరం ఎంతవరకు సొంతమో ఆ ఒక్క రైలుతో తేలింది. మన కళాకారులు ఈ ఘటనల మీద చేయాల్సినంత పని చేశారని నేననుకోను. హైదరాబాద్‌లో ఉంటూ పనిచేస్తున్న వరుణికా సరాఫ్ స్వాతంత్ర్యం తర్వాతి భారత చరిత్రలోని ఘట్టాలను, నిరసనలను కుట్టుపనుల వరుసలోకి తెచ్చింది. అలాంటి ఓపిక ఇంకా కొందరికి కావాలి.

కంచె వేసిన గీతను చూపడం ఒక రకంగా తేలికే. కంచె కనబడుతుంది. కులం అనే హద్దుకు గోడ ఉండదు, అందరికీ తెలుసు, ఎవరూ చూపించరు. కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో 2007లో లండన్ టేట్ మోడర్న్ నేలను 167 మీటర్ల పొడవున పగలగొట్టి పెట్టింది. వెంట్రుక మందంతో మొదలై, పోనుపోను లోతుగా చీలే పగులు. కృతి పేరు "షిబ్బోలెత్", అది బైబిల్ కథ నుంచి వచ్చింది. నది రేవు దగ్గర ఆ మాట పలికించి, యాసను బట్టి శత్రువును గుర్తుపట్టి చంపిన కథ అది. తెలంగాణ యాసను దశాబ్దాలపాటు సినిమాల్లో రౌడీలకు, హాస్యగాళ్లకు అంటగట్టిన సంగతి మరిచిపోని ప్రేక్షకుడికి ఈ పేరు ఇట్టే అందుతుంది. ప్రదర్శన ముగిశాక పగులును పూడ్చారు. మచ్చ మాత్రం ఆ నేల మీద ఇప్పటికీ ఉంది. ఐరోపా నాగరికత పునాదిలోనే జాతి వివక్ష చీలిక ఉందన్నది ఆమె వాదన.

మన దగ్గర ఆ చీలికను చూపిన బలమైన దృశ్యం ఏ గ్యాలరీలోనూ పుట్టలేదు. 2015 చివర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన అయిదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి పంపేసింది. ఆ ఆంక్షల తీరు గమనించాలి. తమ విభాగానికి రావచ్చు, గ్రంథాలయానికి రావచ్చు. హాస్టల్లో ఉండకూడదు, పరిపాలనా భవనంలోకి వెళ్లకూడదు, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా తిరగకూడదు. ఊరి మధ్యలో పని ఉంటే రావచ్చు, ఉండటం మాత్రం ఊరి బయట. ఈ పోలిక ఆ విద్యార్థులకు తట్టింది. పరుపులు, అంబేద్కర్ చిత్రపటం మోసుకుంటూ వచ్చి, క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్సు దగ్గర ఆరుబయట గుడారం వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. చుట్టూ అంబేద్కర్, ఫూలే వంటివారి బొమ్మలున్న ఫ్లెక్సీలు. 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాక ఆ చోటు దేశమంతటికీ తెలిసింది.

వాళ్లు కళ చేస్తున్నామనుకోలేదు. దాన్ని కళ అని పిలిచి అక్కడి దుఃఖాన్ని మెత్తబరచడం నాకూ ఇష్టం లేదు. కాని అదే క్యాంపస్‌లో చిత్రకళా విభాగం ఉంది, అక్కడ స్థల కళ గురించి పాఠాలుంటాయి. ఒక స్థలాన్ని, కొన్ని మామూలు వస్తువులను, ఒక పేరును కలిపి, కనబడని హద్దును కంటి ముందు నిలబెట్టడం ఎలాగో చెప్పమంటే, వెలివాడ కంటే స్పష్టమైన పాఠం నాకు తెలియదు. సియెరా డబ్బిచ్చి కాపలావాళ్లను పెట్టించి చేసిన పనిని వీళ్లు పరుపులు, ఫ్లెక్సీలతో చేశారు. తేడా ఏమిటంటే ఇక్కడి ఆంక్ష నటన కాదు.

గ్యాలరీల్లోనూ ఈ దిశగా పని జరుగుతోంది. పుణెకు చెందిన రాజ్యశ్రీ గూడీ దళిత ఆత్మకథల్లోంచి తిండి ప్రస్తావనలు ఏరి, వాటిని వంటల పుస్తకాల్లా కూర్చింది. దినుసుల కంటే ఆకలి, ఎంగిలి, జ్ఞాపకం ఎక్కువ కనబడే వంటలవి. బీరేంద్ర యాదవ్ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ప్రాంతపు ఇటుక బట్టీల్లో, కాలే పైకప్పు మీద నడవడానికి కార్మికులు తొడుక్కునే చెక్క పాదుకలను ప్రదర్శనకు తెచ్చాడు. హైదరాబాద్ అంచుల్లోని బట్టీలకు పశ్చిమ ఒడిశా బలాంగీర్, నువాపడాల నుంచి కుటుంబాలు ఏటా వస్తాయి. వాళ్ల పాదాలూ అలాంటి వేడి మీదే. మణికొండలోనో కొండాపూర్‌లోనో మన గోడలు ఆ ఇటుకలవే అయి ఉంటాయి.

ఇది కొత్తగా పడమటి నుంచి దిగుమతైన వ్యవహారం అనుకునేవారికి చేర్యాల నకాషీ పటాలు చూడమని చెబుతాను. గంజి, చింతగింజల అంబలి, సుద్ద పూసిన బట్ట మీద ఎర్రటి నేపథ్యంతో గీసే ఆ పొడుగు పటాలు చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరగడానికి పుట్టినవి. అయితే ఎవరి పటం వారిదే. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం విప్పుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపిస్తారు. ప్రతి కులానికీ తన పుట్టుకను ఎత్తిచూపే గొప్ప కథ ఉంటుంది, ఆ కథ చెప్పేవాడు మాత్రం ఆ కులానికి కిందుగా, దాని మీద ఆధారపడి బతుకుతాడు. కదలికా అడ్డుగోడా ఒకే బట్ట మీద ఉన్నాయి. ఇప్పుడు ఆ పటం చిన్నదై, ఫ్రేములో బిగిసి, విమానాశ్రయపు దుకాణంలో ఎవరికైనా దొరుకుతోంది. అడ్డు పోయిందని సంతోషించాలో, చెప్పేవాడు మాయమయ్యాడని బాధపడాలో తేల్చుకోవడం కష్టం.

ఈ కళ మొత్తాన్ని నెత్తిన పెట్టుకోవాలని కాదు. 2015 ఏప్రిల్‌లో మధ్యధరా సముద్రంలో వందలాది వలసదారులతో మునిగిన పడవను 2019లో క్రిస్టోఫ్ బ్యుషెల్ వెనిస్ ప్రదర్శనకు తెప్పించాడు. పక్కనే కాఫీ దుకాణం. అదేమిటో చెప్పే పలక కూడా అక్కడ లేదు. జనం దాని ముందు సెల్ఫీలు దిగారు. చావు జరిగిన చోటును చూడముచ్చటగా మార్చడానికి ఏ సమర్థనా నాకు సరిపోదు. 2019లోనే అమెరికా మెక్సికో సరిహద్దు కంచె సందుల్లోంచి గులాబీ రంగు తూగుడుబల్లలు దూర్చి అటు పిల్లలు ఇటు పిల్లలు ఆడుకునేలా చేసిన ఇద్దరు ఆర్కిటెక్టుల పని అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. కాకపోతే అంత త్వరగా అందరికీ నచ్చేసిన పని ఎవరికీ ఇబ్బంది కలిగించలేదేమోనన్న అనుమానం వదలదు.

మన ఊళ్లోనూ ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు. 2016లో రాజ్‌భవన్‌కు దగ్గరలోని ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద వీధి చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. అంతకుముందు ఆ గల్లీల వైపు చూడనివాళ్లు కెమెరాలతో వచ్చారు. రావడం మంచిదే. ఆ గల్లీవాళ్లు మన అపార్టుమెంటుకు వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గర యాప్‌లో అనుమతి, ఫోటో, సర్వీసు లిఫ్టు. కారు అద్దం మీద స్టిక్కరు ఉన్నవారికి అదే గేటు దానంతటదే లేస్తుంది. ఈ తేడాను బొమ్మగా వేసే గోడ ఏదో ఒక గేటెడ్ కమ్యూనిటీ ఇస్తుందా అన్నది నాకు ఆసక్తికరమైన ప్రశ్న.

కళాకారులకూ గేట్లున్నాయి. శిల్పా గుప్తా, లాహోర్ కళాకారుడు రషీద్ రాణా 2015లో కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. అది ఢిల్లీలోనూ లాహోర్‌లోనూ కాదు, వెనిస్‌లో. ఆ ఏడాది అక్కడ రెండు దేశాలకూ అధికారిక మంటపం లేదు. గుజ్రాల్ ఫౌండేషన్ ఒక పాత భవంతిలో చోటు చూపింది. రాణా తన భాగంలో ఒక గదిని లాహోర్ బజారులోని గదితో ప్రత్యక్ష వీడియో ద్వారా కలిపాడు. పక్కపక్క దేశాల్లో ఉన్న మనుషులు పలకరించుకోవడానికి ఇటలీ మీదుగా వెళ్లాల్సి వచ్చింది.

వెనిస్ అంత దూరం పోనక్కర్లేదు. కావూరిహిల్స్‌లోని రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీకో, బంజారాహిల్స్ గ్యాలరీలకో వెళ్లి గోడ మీది వివరణలు చూడండి. సరిహద్దులు, అణచివేత, ప్రవేశం అంటూ బారెడు రాసి ఉంటుంది, చాలాసార్లు ఇంగ్లీషులో మాత్రమే. గ్యాలరీ వాచ్‌మన్, బొమ్మలు మోసి మేకులు కొట్టిన కూలీ, స్కూలు పిల్లలను తీసుకొచ్చిన ప్రభుత్వ ఉపాధ్యాయురాలు ఆ కాగితం ముందు నిమిషం నిలబడి పక్కకు జరుగుతారు. సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చోట ఎవరైనా టీ తాగుతూ కూర్చోగలిగినంత తేలిగ్గా ప్రదర్శనశాలలోకి రాలేకపోవడానికి టికెట్టు కారణం కాదు. తెలుగులో, ఉర్దూలో తలా ఒక పేజీ రాయించి అతికించడానికి ఏ గ్యాలరీకైనా పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఆ పేజీ ఏదని నిర్వాహకులను అడగండి. నేను అడుగుతూనే ఉన్నాను.